అయిదుకు మూడు

జూన్ 8, ఆదివారం

మోకాలి ఆపరేషన్ జరిగి ఈ రోజుకు పదకొండు రోజులు. మూడు నెలలు మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో, కదమా కాలనీలో మా ఫ్లాటు మొదటి అంతస్తు, మెట్లు పందొమ్మిది. ఎన్నో తెలిసినంత మాత్రాన దిగనివ్వరు కదా.

తనుశ్రీ తన పాత టాబ్లెట్ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "టైమ్‌పాస్ కరో నానమ్మా" అంది. నా మనవరాలు, పదకొండో తరగతి. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది. ఇద్దరికీ అర్థమవుతోంది కాబట్టి ఇద్దరిలో ఎవరమూ మారలేదు.

అందులో విదేశాల దుకాణాలున్నాయి. చైనా, జపాన్, జర్మనీ, షార్జా. కాలు దిండు మీద పెట్టుకుని ప్రపంచమంతా బేరం చేసి రావచ్చు. సూదిలో దారం ఎక్కించే పరికరం కోసం బిష్టుపూర్‌లో మూడు దుకాణాలు తిరిగి ఊరుకున్నాను, ఇక్కడ పదకొండు రకాలున్నాయి. ఎనభై శాతం తగ్గింపట. ఎనభై శాతం తగ్గించాక కూడా వాడికి గిట్టుబాటవుతోందంటే, మొదట ఆ ధర రాసినవాణ్ణి అనుమానించాలా, తగ్గించినవాణ్ణా?

కొనలేదు. చూశానంతే.

జూన్ 10, మంగళవారం

కొన్నాను. దారం పరికరం ఒక్కటే.

దానితోపాటు భూతద్దం. అది చైనాది, వేరే దుకాణం, కనుక దాన్ని ఇందులో కలపకూడదు.

మా ఇంటి చిరునామా ఇవ్వలేదు. బాగ్‌బేరాలో ఉండే సింహాచలమ్మ చిరునామా, ఆవిడ పేరే ఇచ్చాను. తెలుగు బడిలో ఇద్దరం ఇరవై ఏడేళ్ళు పక్కపక్క తరగతులు చెప్పాం. మా ఇంట్లో ఆవిడ అందరికీ టీచరమ్మే, అసలు పేరూ ఇల్లూ ఎవరికీ తెలియవు. ఇంటికి పొట్లాలొస్తే ఉమ చూస్తుంది. ఉమ నా కోడలు. చూసి ఏమీ అనదు. ఏమీ అనకుండా చూడటంలో దానికి డాక్టరేట్ ఇవ్వొచ్చు.

జూన్ 11

నా పెన్షన్, నా ఫోను, నా ఓటీపీ. ఇందులో దాపరికమేమీ లేదు.

జూన్ 27, శుక్రవారం

సింహాచలమ్మ పొట్లాలు రెండూ సంచిలో వేసుకుని వచ్చింది, పైన తోటకూర కప్పి. దొంగసరుకు మోసేవాళ్ళకి ఈవిడ పాఠాలు చెప్పొచ్చు.

వస్తువులు వాడి చూసి మార్కులు వేయమంటారు అక్కడ. నక్షత్రాలు, అయిదింటికి. నాకిది బాగుంది. దారం ఎక్కించే జపాన్ పరికరానికి మూడు వేశాను. అయిదుకు మూడంటే అరవై శాతం, ఫస్ట్ క్లాసు. భూతద్దానికి రెండు. నలభై శాతం, పాసు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఎవరికీ నూటికి నూరు వేయలేదు. నూటికి నూరు వేస్తే పిల్లవాడు నేర్చుకోవడం మానేస్తాడు.

చైనా వాడు అప్పుడే ఉత్తరం రాశాడు. "ప్రియ మిత్రమా, మా కుటుంబం నీ నక్షత్రాల మీద ఆధారపడి ఉంది, అయిదు చేస్తే సగం డబ్బు వెనక్కి ఇస్తాం" అని. పచ్చి లంచం. మార్కుల కోసం తల్లిదండ్రులు కంద దుంపలు తెచ్చిన రోజులు గుర్తొచ్చాయి. రెండు నుంచి ఒకటికి తగ్గించాను.

ఉమ మధ్యాహ్నం మళ్ళీ బయటికెళ్ళింది. "బిష్టుపూర్ ఎల్లొత్తానత్తమ్మా, టైలరు రమ్మన్నాడు" అంది. ఈ నెలలో అయిదోసారి. కుట్టిన జాకెట్టు మాత్రం ఒక్కటీ ఇంటికి రాలేదు.

జూలై 2, బుధవారం

ఇవాళ షార్జా దుకాణమొకటి కనబడింది. 'పొయ్యి పక్కన' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. అమ్మేది ఒక్కటే, ఇనుప పోపు గరిటె. సమ్మెటతో సాగగొట్టిందట. నా పాత గరిటె పిడి ఊడి, గుడ్డ చుట్టి వాడుతున్నాను. బలరామ్‌తో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. గమ్హరియాలో ఇనుప సామాన్ల కంపెనీలో పనిచేసే కొడుకుండి తల్లికి గరిటె లేదు.

ఎనభై అయిదు శాతం తగ్గింపు. గుర్తుంచుకోవాలి, ఇది ఇప్పటిదాకా చూసిన వాటిలో పెద్ద అబద్ధం.

పెట్టేశాను ఆర్డరు. బాగ్‌బేరాకే.

ఊరి నడిమధ్య ఉక్కు కరుగుతుంటే నేను ఇనుము సముద్రం మీంచి తెప్పించుకుంటున్నాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణం ఆలోచించాలి.

జూలై 19, శనివారం

గరిటె వచ్చింది. సింహాచలమ్మ సంచి లోంచి తీసి, పిడి పట్టుకుని నా ముందు ఆడించింది.

"ఏటే గౌరీ, ఇనపూళ్ళో కూకుని ఇనప గరిటె తెప్పించుకున్నావా? మతి మోకాల్లోకి దిగిపోయిందేటే? ఆపరేషన్లో అది కూడా మార్చీమనాల్సింది."

"ధర చూశావా?"

"ధర నీకెరిక. ఏ దేశం గరిటైనా ఆవాలు చిటపటలాడాల్సిందే కదే."

ఉమ టైలరు దగ్గరికి (అట) వెళ్ళిన సమయం చూసి, కర్ర పట్టుకుని వంటింట్లోకి నడిచి, ఇద్దరం పోపు వేసి చూశాం. తరవాత కూర్చుని రాశాను. పెట్టెలో చీటీ పెట్టారు, మీ అభిప్రాయం నిజాయతీగా చెప్పండి అని. అడిగారు, చెప్పాను:

"ఇనుము మంచిది. మందం సమంగా ఉంది. కాని నూనె కాగేలోపు పిడి కూడా కాగుతుంది, గుడ్డ లేకుండా పట్టుకోలేం. మూతి వంపు ఎడమకు వాలింది. కుడిచేత్తో వంచితే ఆవాలు ముందు పడి నూనె వెనక మిగులుతుంది. చేసినవాడికి చెయ్యి ఉంది, వంటింటి అనుభవం లేదు. శ్రద్ధ పెడితే పైకి వస్తాడు."

మూడు వేశాను. చాలా ఉదారంగా. గరిటె సింహాచలమ్మ దగ్గరే ఉంచమన్నాను, ఇక్కడైతే ఉమ కంట పడుతుంది.

జూలై 24

ఉమ సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది. చెప్పాను. "అవునత్తమ్మా" అంది.

జూలై 29, మంగళవారం

ఉమ సరిగ్గా తినడం లేదు. కళ్ళ కింద నలుపు. టైలరు దగ్గరికి వెళ్ళడం మానలేదు, ఇప్పుడు రోజూ వెళ్తోంది. ఈ సాయంత్రం తీగ మీద ఆరేసిన దాని కుర్తీ చూశాను. చేతి దగ్గర ఆవగింజంత కన్నాలు, అంచులు నల్లగా. నిప్పురవ్వలు పడితే అలా అవుతుంది. బిష్టుపూర్ టైలర్ల దగ్గర నిప్పురవ్వలు ఎగురుతాయని నేనెన్నడూ వినలేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఇది జాగ్రత్తగా రాయాలి. విన్నది విన్నట్టు.

మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని ఉమ బాల్కనీలో నిలబడి ఫోనులో మాట్లాడింది. "వద్దు ఆదిబాబు గారూ, ఇంటికి మాత్రం రాకండి. అత్తమ్మ ఉంది... తెలిసిందంటే ఇంక నేను ఈ ఇంట్లో తలెత్తుకోలేను... అలాగే ఉండనీండి, నేనే వత్తాను రేపు... ఎవలికీ సెప్పకండి."

ఆదిబాబు.

మా వాళ్ళలో, ఉమ వాళ్ళలో ఆ పేరుగలవాడు ఎవడూ లేడు. టైలరు పేరు సలీం.

నేను తొందరపడే మనిషిని కాదు.

ఆగస్టు 6

సింహాచలమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సలహా కోసం. "అలాటిది కాదే ఆ పిల్ల" అంది. సింహాచలమ్మ ఎప్పుడూ గ్రేస్ మార్కులు వేసే రకం.

ఆగస్టు 7, గురువారం

రేపు వరలక్ష్మీ వ్రతం. మధ్యాహ్నం ఊరికే టాబ్లెట్ తిప్పుతుంటే ఆ షార్జా దుకాణం కొత్త ఫోటో పెట్టింది. గరిటెలు మూడు, పళ్ళెంలో విసనకర్రలా పేర్చి. కంచు పళ్ళెం. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. చైనా భూతద్దం కూడా పెట్టి చూశాను.

పళ్ళెం అంచున చుక్కలతో కొట్టిన అక్షరాలు. సగం మీద గరిటె పిడి ఉంది. మిగిలిన సగం: "రీదేవి 1974".

అది నా పేరు, నా పళ్ళెం. నా పెళ్ళికి మా నాన్న ప్రతి సామాను మీదా పేరు కొట్టించాడు, అత్తవారింట్లో కలిసిపోకుండా. అత్తవారింట్లో కలిసిపోలేదు. షార్జా చేరింది.

తనుశ్రీని పిలిచాను. "అటక మీద కంచు పళ్ళెం ఉంది, దించమ్మా, రేపు వ్రతానికి కావాలి" అన్నాను మామూలుగా.

దాని మొహం చూడాలి. "వో... నానమ్మా... ఊపర్ ఛిప్‌కలీ హై."

"బల్లి ఉంటే?"

"బహుత్ బడీ హై."

ఇది ప్రయోగశాలలో కప్పల్ని కోసే పిల్ల. బల్లికి భయమట. అంటే దీనికీ తెలుసు.

వ్రతం రేపు స్టీలు పళ్ళెంలో చేసుకుంటాం. ఉమే తెచ్చి పెట్టింది, నా కళ్ళలోకి చూడకుండా.

ఆగస్టు 10, ఆదివారం

బలరామ్‌తో చెప్పేశాను.

చెప్పకూడదనే అనుకున్నాను. వాడు టిఫిన్ తింటూ, "ఏటమ్మా, అలా సూత్తన్నావు?" అన్నాడు. అడిగాడు కనుక చెప్పాను. ఉమ కూరగాయలకు వెళ్ళింది. "నీ పెళ్ళాం ఇంట్లో సామాన్లు అటక మీంచి తీసి విదేశాల వాళ్ళకి అమ్ముతోంది. ఆదిబాబని ఎవడో ఉన్నాడు, రోజూ వాడి దగ్గరికే వెళ్తోంది. కళ్ళు తెరువు" అన్నాను.

వాడు దోసె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. నవ్వుతాడనుకున్నాను, లేకపోతే అరుస్తాడని. రెండూ చెయ్యలేదు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావేటమ్మా?"

"లేదు" అన్నాను.

అన్నది ఒక్క సింహాచలమ్మతో. దాన్ని అనడం అనరు.

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆదివారం పూట ఎక్కడికి? ఏమీ తెలియనట్టు లేదు వాడి మొహం. అదే నాకు అర్థం కావడం లేదు. అదేదో అవమానం వాడికి ముందే తెలిసి, నాకు తెలిసినందుకు బాధపడుతున్నట్టుంది.

ఆగస్టు 11, సోమవారం

స్కూలు నుంచి వస్తూనే తనుశ్రీ బ్యాగు కూడా దించకుండా నా మంచం మీద కూర్చుంది.

"పాపా కో క్యా బోలా ఆప్‌నే? వో రాత్ భర్ సోయే నహీఁ."

నిద్రపోలేదట వాడు. అదే చెప్పుకుపోయింది, సగం హిందీలో, సగం కోపంలో. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

కిందటి దీపావళి నుంచి బలరామ్ కంపెనీలో నెలకు పదిహేను రోజులే పని. మిగతా రోజులు వాడు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తున్నది ఆదిబాబు కొలిమికి. గమ్హరియాలోనే, కంపెనీకి కొక్కేలూ గొలుసులూ చేసిపెట్టే ఆయన. కంపెనీ ఆర్డర్లు ఆగిపోయి కొలిమి మూసేసే పరిస్థితి వస్తే, పోపు గరిటెలు చేయిద్దామన్నది ఉమ. ఉమ తమ్ముడు చిన్నారావు షార్జాలో గోడౌన్లో పనిచేస్తున్నాడు; ఇక్కణ్ణించి పెట్టె కట్టి పంపితే అక్కణ్ణించి అతను దేశదేశాలకూ పోస్టు చేస్తాడు. ఏప్రిల్‌లో తెరిచారు. పేరు పెట్టింది తనుశ్రీ. పళ్ళెం ఫోటోల కోసం కొలిమి దగ్గర ఉంది, ఎవరూ అమ్మలేదు.

"మమ్మీ కీ దుకాన్ హై వో, నానమ్మా!"

నా గరిటె, అంటే, ఖర్కయి నది అవతల తయారై, షార్జా వెళ్ళి, బాగ్‌బేరాకు వచ్చింది. ఆటోలో వెళ్తే అరగంట దారి.

"మీ నాన్నకు తెలుసు, నీకు తెలుసు. నాకెందుకు చెప్పలేదు?"

అది కిటికీ వైపు చూసింది. "అచార్ యాద్ హై నా?" అంది.

గుర్తుంది. నాలుగేళ్ళ కిందట ఉమ ఆవకాయ పెట్టి కాలనీలో అమ్మింది. ఎలా ఉందని నన్నడిగారు ఆడవాళ్ళు. ఉప్పు పట్టలేదు, నూటికి నలభై వేస్తానన్నాను. ఉన్నమాట. రెండు నెలల్లో మానేసింది. ఎందుకు మానేసిందని నేనడగలేదు, అదీ చెప్పలేదు.

తరవాత తనుశ్రీ చెప్పింది వినకపోయినా బాగుండేది. కొత్త దుకాణానికి అభిప్రాయాలు నాలుగు వచ్చాయట. మూడు అయిదులు. నాలుగోది బాగ్‌బేరాలో ఎవరో సింహాచలమ్మ. సొంత ఊరి నుంచే ఆర్డరొచ్చిందని ఉమ ఎగిరి గంతేసిందట, చిన్నారావుకి ఫోన్ చేసి నిజాయతీగా చెప్పమని చీటీ పెట్టించిందట. ఆవిడ మూడు వేసింది. నాలుగూ ముప్పావు దాటితేనే ముందు పేజీలో చూపిస్తారట, మూడు పడేసరికి నాలుగున్నరకు దిగి ఎక్కడో వెనక్కి పోయింది దుకాణం. మూడు వారాలుగా ఒక్క ఆర్డరు లేదు. ఎనభై గరిటెలు షెడ్డులో పడి ఉన్నాయి. ఇంకొక్క నెల చూసి కొలిమి మూసేస్తానన్నాడు ఆదిబాబు.

"మూడంటే ఫస్ట్ క్లాసు కదే" అన్నాను.

"నానమ్మా, తీన్ మత్‌లబ్ ఫేల్!"

ఆవిణ్ణి మమ్మీ ఒక్క మాట కూడా తిట్టలేదట. ఆవిడ రాసింది రోజూ చదువుతోందట.

ఆగస్టు 12

రాయడానికేమీ లేదు.

ఆగస్టు 14

చైనా వాడి భూతద్దం నిజానికి బాగానే ఉంది.

ఆగస్టు 16, శనివారం

అన్నం వడ్డిస్తూ ఉమ అంది: "రేపు బాగ్‌బేరా ఎల్లొత్తానత్తమ్మా. ఒకావిడితో పనుంది." ఇన్నాళ్ళకు నిజం చెప్పి వెళ్తోంది, అదీ సగమే.

లోపలికొచ్చి సింహాచలమ్మకు ఫోన్ చేశాను. "రేపు ఉమ వస్తుంది. నువ్వు ఊళ్ళో లేవని చెప్పించు."

"ఎవరిచేత సెప్పించమంటావే, నేనొక్కదాన్నే కదే ఇంట్లో ఉన్నది!"

"అయితే నువ్వే రాశానని చెప్పు."

"నాకు అబద్ధమాడితే దగ్గొత్తాది గౌరీ, నీకు తెల్దేటి? ఇనస్పెక్షన్ రోజున సూడలేదా?" మళ్ళీ తనే, "ఆ ఆదిబాబు మాట కూడా అడుగుతాదేమో. అప్పుడేటి సెయ్యాలి?" అంది.

అది అడగదు. దానికా మాట తెలియదు.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున్న ఉమ చేతిసంచిలో కొత్త గరిటె పెట్టుకుని చెప్పులు తొడుక్కుంటుంటే, "నేనూ వస్తాను" అన్నాను.

"మెట్లత్తమ్మా."

"పందొమ్మిది. నాకు తెలుసు."

బలరామ్ వద్దనలేదు. నన్ను మెట్టు మెట్టుకీ పట్టుకుని దింపాడు, నా మొహం చూడకుండా. ఆటో ఎక్కించాడు.

వాన తుంపర. జుగ్సలాయి మార్కెట్ దగ్గర ఆటో ఆగిపోయింది, ముందు ఇసుక లారీ. దిగి పారిపోవడానికి నాకు మోకాలు లేదు. అక్కడ చెప్పాను.

"ఉమా. ఆ సింహాచలమ్మ నేనే."

అది నా వైపు తిరగలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని లారీ వెనక రాసి ఉన్నది చదువుతున్నట్టు కూర్చుంది. ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు.

"మూడంటే బాగుందని వేశాను. నా లెక్కలో..."

"తెలుసత్తమ్మా."

"ఏం తెలుసు?"

"ఆ రాత మీదేనని. 'శ్రద్ధ పెడితే పైకి వస్తాడు'. తనుశ్రీ ప్రోగ్రెస్ కార్డు మీద అయిదేళ్ళూ మీరేగదా ఆ మాట రాసి సంతకం పెట్టేరు. మొదటిసారి సదివినపుడే అనుకున్నాను. కాదులే అనుకున్నాను. మా అత్తమ్మకి గరిటె కావాలంటే నన్నడుగుతాది, దేశాలమ్మట తెప్పించుకోదు అనుకున్నాను. ఇవేళ ఆవిడి మొహం సూసి, కాదని తేల్చుకుందామని ఎల్తన్నాను."

"ఎనభై అయిదు శాతం తగ్గింపు మాత్రం అబద్ధం" అన్నాను.

"అబద్ధమే. అందరూ అలాగే రాత్తారు." అప్పుడు తిరిగింది నా వైపు. "నక్షత్రాల మాట వదిలీండి అత్తమ్మా. ఆవకాయప్పుడు ఏడిసేను, ఇప్పుడు ఏడవలేదు. మీరు సెప్పిన తప్పులు నిజంగా ఉన్నాయి. పళ్ళెం అడక్కుండా తీసేను, అది నా తప్పు. కానీ ఆదిబాబు గారి మాట మీ అబ్బాయితో అన్నారట."

వాడు చెప్పేశాడన్న మాట.

"ఆ మనిషిని సూసేరా మీరు?"

లేదు. చూడలేదు.

ఉమ ముందుకు వంగి ఆటో అతని భుజం తట్టింది. "భయ్యా, మోడ్ లో. గమ్హరియా చలో."

ఆటో వెనక్కి తిరిగింది. ఖర్కయి వంతెన మీద నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. ఆదిత్యపూర్ దాటాక రోడ్డంతా గుంతలు, ప్రతి గుంతకూ మోకాలు పలికింది. ఉమ నా కాలి కింద తన చున్నీ మడిచి పెట్టింది. పెట్టి మళ్ళీ బయటికి చూసింది.

రేకుల షెడ్డు. ఆదిబాబు బయటికొచ్చాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. ముక్కుకు వేలాడే కళ్ళద్దాలు, ఒక పక్క పిడి బదులు దారం. ఆయన భార్య మూలన కూర్చుని గరిటెలకు పాత పేపరు చుట్టి విప్పి మళ్ళీ చుడుతోంది. వేరే పని లేదు.

"ఉమమ్మ అత్తగారా! రండమ్మా రండి! అరే, కుర్సీ లావో!" అని తనే పరుగెత్తి కుర్చీ తెచ్చాడు, తుండుగుడ్డతో దులిపాడు. "ఉమమ్మ ఎప్పుడూ మీ మాటే. మా అత్తమ్మ పోపెడితే నాలుగిళ్ళవతల తుమ్ముతారంటాది. ఇంటికొచ్చి మీకో గరిటె ఇద్దామంటే నన్ను రానీదు. 'అత్తమ్మకి నచ్చీదాకా వద్దు, ముందు సరిగ్గా సెయ్యండి' అంటాది."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ మనిషి మొహంలోకి చూడటానికి నాకు చాలాసేపు పట్టింది. ఉమ గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. అది కూడా ఏమీ అనకుండా చూడటమే.

"మూడు ఏసినావిడ ఎవలోగాని అమ్మా, కరెక్టుగా సెప్పింది" అన్నాడు ఆదిబాబు. "మూతి నిజంగానే ఎడమకి పోయింది. నా ఎడంచెయ్యి ఇలాటిదా, పట్టకారు అటేపే లాగుతాది. మీకు తెలుసేటమ్మా ఆవిడ?"

"తెలుసు. మంచి మనిషి కాదు" అన్నాను. "గరిటె ఇలా ఇవ్వండి."

కుర్చీలోంచే వంచి చూపించాను, చెయ్యి ఎక్కడ తిరుగుతుందో, నూనె ఎటు జారాలో. పిడికి చివర చెక్క తొడుగు వేయమన్నాను. ఆయన వాదించాడు, చెక్క ఊడుతుందని. నేను వాదించాను. ఆయన కొలిమి వెలిగించి, మూతి కాల్చి, రెండు దెబ్బలు కొట్టి, నీళ్ళలో ముంచి తెచ్చి చూపించాడు. కాదన్నాను. మళ్ళీ కాల్చాడు. నాలుగోసారికి కుదిరింది. ఆయన భార్య పేపర్లు చుట్టడం ఆపేసి మా దగ్గరికి వచ్చి నిలబడింది.

తిరుగు ప్రయాణంలో వంతెన ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకు అనగలిగాను. "తప్పు మాట అన్నాను ఉమా. నిన్ను, ఆయన్ని. క్షమించు."

"విన్నానత్తమ్మా" అంది.

పరవాలేదని అనలేదు. అనాలని నేను ఎదురుచూసినట్టున్నాను, వంతెన దాటి చాలాదూరం వచ్చేదాకా.

ఇంటి దగ్గర ఆటో ఆగాక, "ఆ మూడు అయిదు చేసేస్తాను" అన్నాను.

"వద్దు. కొత్త గరిటె వాడి సూడండి. అప్పుడు ఎంత అనిపిస్తే అంత."

పందొమ్మిది మెట్లు ఎక్కడం దిగడం కంటే కష్టం. పక్కన ఉమే ఉంది.

ఆగస్టు 18

సింహాచలమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ఆదిబాబు విషయంలో నేనన్నది అబద్ధమని. "నేను నమ్మితే గదా" అంది. దగ్గలేదు.

ఆగస్టు 23, శనివారం

వారం రోజులు కొత్త గరిటె వాడాను. పప్పు, చారు, పులిహోర. పిడి కాలడం లేదు. నూనె ముందు పడుతోంది. చెక్క తొడుగు దగ్గర చిన్న సందు ఉంది, అందులో జిడ్డు చేరుతుంది.

నాలుగు వేశాను. పాతది తీసేసి కొత్తగా రాశాను, సందు సంగతి కూడా.

తనుశ్రీ నెత్తి కొట్టుకుంది. సగటు సరిగ్గా నాలుగూ ముప్పావు దగ్గర ఆగిందట. దాటాలట. ఇంకొక్కటి వేస్తే నా సొమ్మేం పోయేదని అడిగింది. "ఏక్ ఔర్ స్టార్ దే దేతే తో ఆప్‌కా క్యా జాతా, నానమ్మా!"

ఉమ వంటింట్లోంచి, "ఊరుకోవే. ఆ సందు నిజంగానే ఉంది" అంది.

ఆగస్టు 26, మంగళవారం

మాంచెస్టర్ నుంచి ఎవరో అయిదు వేశారు. దుకాణం ముందు పేజీకి వచ్చిందట. రాత్రికే పదకొండు ఆర్డర్లు. ఆ మహాతల్లి ఆ గరిటెతో గుడ్డు వేయించిందట, ఫోటో కూడా పెట్టింది. దుకాణాన్ని నిలబెట్టింది ఆవిడ, నేను కాదు. ఇది ఇక్కడ స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను, తరవాత ఇంకోలా చెప్పుకోకుండా.

బలరామ్ మాత్రం నాతో కావలసినంతవరకే మాట్లాడుతున్నాడు. మందు వేసుకున్నావా, ఫ్యాన్ వెయ్యాలా. అంతే.

ఆగస్టు 29, శుక్రవారం

మధ్యాహ్నం ఉమ నా కాలికి ఆయింట్‌మెంట్ రాసి, "గమ్హరియా ఎల్లొత్తానత్తమ్మా" అని వెళ్ళింది. టైలరని చెప్పలేదు.

అది వెళ్ళాక చూస్తే దాని ఫోను నా మంచం మీద ఉంది. తెరిచే ఉంది. ఏవో మెసేజులు, పైన చిన్నారావు పేరు, ఆ పైన బలరామ్ పేరు. ఒక దాంట్లో 'అమ్మ' అనే మాట కళ్ళద్దాలు లేకుండానే కనబడింది.

మరిచిపోయి వెళ్ళిందో, పరీక్షే పెట్టి వెళ్ళిందో నాకు తెలియదు. ఉమ ఏదీ మరిచిపోయే మనిషి కాదు.

బోర్లా పెట్టి, పైన ఇవాళ్టి పేపరు కప్పాను. రెండుసార్లు మోగింది. ముట్టుకోలేదు.